ఇంగ్లీషు వాళ్ళ విడ్డూరం

'ప్రిపోస్టరస్' అన్న ఇంగ్లీషు మాట మీరు వినే ఉంటారు. పాత ఇంగ్లీషు సినిమాల్లో కోటూ, చేతికర్రా ఉన్న పెద్దమనిషి ఒకాయన కుర్చీలోంచి సగం లేచి, మొహం కందగడ్డ చేసుకుని అంటూంటాడు. ఆ మాట నోట పలకాలంటే కాస్త వయసూ, కాస్త ఆస్తీ, వీలైతే గుబురు మీసాలూ ఉండాలేమో అనిపిస్తుంది. నాకు తెలిసి ఆ సినిమాల్లో వంటమనిషి యజమానిని ఆ మాట అనదు. కోడలు మామగారిని అనదు. ఎప్పుడూ పైనున్నవారు కిందవారిని అనవలసిందే.

ఈ సంగతి ఏ నిఘంటువులోనూ రాసి ఉండదు. నిఘంటువుల సంగతి మీకు తెలుసుగా, అవి సర్కారు ఆఫీసుల్లాంటివి. ఈ మాటకి అర్థం కావాలని వెళితే 'అబ్సర్డ్ చూడుము' అంటుంది. అక్కడికి వెళితే 'రిడిక్యులస్ చూడుము' అంటుంది. ఆ బల్ల దగ్గరికి వెళితే, గుమాస్తా తలెత్తకుండానే మళ్ళీ మొదటి బల్ల చూపిస్తాడు. బి.ఏ. చదివే రోజుల్లో నేనూ ఇలా మూడు బల్లల చుట్టూ తిరిగి, చివరికి 'అర్థంలేనిది' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. అది తప్పేమీ కాదు. కానీ మనిషిని చూపించమంటే నీడని చూపించినట్టు ఉంటుంది.

మా ఇంగ్లీషు లెక్చరరుగారు మాత్రం మాటల్ని చింతకాయల్లా విరిచి గింజలు చూపించేవారు. ఈ మాటనీ ఒకరోజు నల్లబల్ల మీద రెండు ముక్కలు చేశారు. లాటిన్ భాషలో 'ప్రే' అంటే ముందు. 'పోస్టెరస్' అంటే వెనక వచ్చేది. వెనక రావలసినది ముందుకొచ్చి కూచుంది. అంతే సంగతి. "దీనికి తెలుగులో ఏమంటారర్రా?" అని ఆవిడ అడిగితే వెనక బెంచీలోంచి ఎవరో, "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడా నవ్వేసి, "ఇంతకన్నా బాగా ఆ ఇంగ్లీషు వాళ్ళు కూడా చెప్పలేరు" అన్నారు.

నిజమే. పెళ్ళాం రావాలి, కడుపు పండాలి, బిడ్డ పుట్టాలి, అప్పుడు కదా పేరు! మొదట పేరు పెట్టేసి కూచుంటే అది ప్రిపోస్టరస్. మాటలోని బొమ్మ అది.

ఈ మాటకి ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు. నలుగురినీ పక్కపక్కన నిలబెడితే తప్ప ఎవరు ఎవరో తెలియదు. 'అబ్సర్డ్' అంటే లాటిన్‌లో శ్రుతి తప్పినది అని. 'సుర్డుస్' అంటే చెవుడు. కచేరీలో అపస్వరం పడితే మనం మొహం చిట్లిస్తామే, తర్కంలో అలా పడితే అబ్సర్డ్. 'రిడిక్యులస్' అంటే నవ్వు పుట్టించేది. 'లూడిక్రస్' అన్నది ఆటకి సంబంధించిన 'లూడుస్' అన్న మాటలోంచి వచ్చింది. తమాషా ఏమిటంటే, రోమన్లు చిన్నపిల్లల బడిని కూడా 'లూడుస్' అనే అనేవారు! మన పిల్లలు మోసే పుస్తకాల సంచులు చూస్తే ఆ రోమన్లు ఏమనేవారో మరి.

అందుచేత 'రిడిక్యులస్' అన్నవాడు నవ్వుతాడు. 'అబ్సర్డ్' అన్నవాడు తల అడ్డంగా ఊపుతాడు. 'ప్రిపోస్టరస్' అన్నవాడికి మాత్రం కోపం వస్తుంది. ఎందుకంటే అతని దృష్టిలో అక్కడ వరస తప్పింది. వరస తప్పడమన్నది మనకీ ఎంత పెద్ద నేరమో మీకు చెప్పక్కర్లేదు. ముందు నడవవలసినవారు ముందు నడవాలి, వెనక నడవవలసినవారు వెనక నడవాలి. కాబట్టి ఈ మాటని ధరకి వాడొచ్చు, వాదానికి వాడొచ్చు, ఎదుటివాళ్ళ కోరికకి వాడొచ్చు, ఒకావిడ పెట్టుకున్న టోపీకి కూడా వాడొచ్చు. కానీ 'కాస్త ప్రిపోస్టరస్' అంటే అతకదు. వరస తప్పితే తప్పినట్టే, కాస్త తప్పడం అంటూ ఏముంటుంది?

మన భాషలోనూ దీనికి సరిగ్గా ఇలాంటి చుట్టమే ఉంది. 'విపరీతం' అంటే సంస్కృతంలో తిరగబడినది, తలకిందులైనది అని. కానీ మనం ఇప్పుడు ఎండ విపరీతంగా ఉందంటాం, ధరలు విపరీతమంటాం. తలకిందులైన బొమ్మ మాసిపోయి, 'మరీ ఎక్కువ' అన్న అర్థం ఒక్కటే మిగిలింది. ప్రిపోస్టరస్‌కీ ఇదే గతి పట్టింది.

ఇక మా నాయనమ్మ వాడకంలో అయితే దీనికి 'విడ్డూరం' అని పేరు. ఆవిడ దగ్గర 'చోద్యం' వేరు, 'విడ్డూరం' వేరు. పిల్లి పాలు తాగకుండా వెళ్ళిపోతే చోద్యం. కొత్తకోడలు మొగుడి పక్కన కూచుని భోంచేస్తే విడ్డూరం. ఆడపిల్ల సైకిలు తొక్కితే విడ్డూరం. అల్లుడు పాపాయి గుడ్డలు ఉతికితే విడ్డూరాల్లోకెల్లా విడ్డూరం! చెయ్యి బుగ్గన పెట్టుకుని, "ఇదేం విడ్డూరమమ్మా!" అని ఆవిడ అనే తీరులో, ఆ కోటు పెద్దమనిషి లేచి నిలబడే తీరే నాకు కనిపిస్తుంది. తేడా అల్లా ఆయన గట్టిగా అరుస్తాడు, ఈవిడ మెల్లిగా నొక్కుతుంది.

సరే, ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది పదహారో శతాబ్దంలో. 1589లో జార్జి పుట్టెన్‌హామ్ అనే ఆయన కవిత్వం మీద ఒక లక్షణగ్రంథం రాశాడు. మన అప్పకవిలాగా అలంకారాలన్నిటికీ పేర్లు పెట్టి, ఉదాహరణలిచ్చాడు. గ్రీకు వాళ్ళ అలంకారాలకి ఇంగ్లీషులో ముద్దుపేర్లు పెట్టడం ఆయన సరదా. చెప్పవలసిన వరసని తిరగేసి, వెనకది ముందూ ముందుది వెనకా చెప్పే అలంకారం ఒకటుంది. దానికి ఆయన 'ప్రిపోస్టరస్' అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు సామెతలో దీన్నే గుర్రానికి ముందు బండి కట్టడం అంటారని కూడా రాశాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఏమిటో చూడండి. ఒకడు తన తల్లిని తలచుకుంటూ, ఆవిడ తనను పెంచిందని ముందు చెప్పి, కడుపున మోసిందని తరవాత చెబుతాడు. మోసిన తరవాత కదా పెంచడం, అందుకని వరస తప్పింది అంటాడు పుట్టెన్‌హామ్.

ఆ రోజుల్లో అది తిట్టు కాదు, మాటల్లో ఒక వయ్యారం మాత్రమే. ఆ వయ్యారానికి ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు కూడా అమ్మే గుర్తొచ్చింది చూశారా!

ఆ తరవాత షేక్స్పియరు చేతిలో పడింది. ఆయన ఈ మాటని రెండుచోట్ల వాడిన తీరు నాకు చాలా ఇష్టం. ఒకటి 'ఒథెల్లో'లో. వెనిస్ నగరంలో పెద్దమనిషి బ్రబాన్షియో కూతురు డెస్డిమోనా, తండ్రికి చెప్పకుండా నల్లజాతి సేనాని ఒథెల్లోని పెళ్ళి చేసుకుంటుంది. తండ్రి అర్ధరాత్రి సభకెక్కి, నా కూతురి స్వభావం ఇంత ప్రిపోస్టరస్‌గా దారి తప్పడం అసాధ్యం, మంత్రమో మందో పెట్టి ఉంటాడు అని ఫిర్యాదు చేస్తాడు. ఆడపిల్ల తనంతట తను ఒకణ్ణి కోరుకుందంటే ఆయన బుర్రకి ఎక్కదు. మందుపెట్టడం నమ్మశక్యంగా ఉంది కానీ, మనసుపడటం నమ్మశక్యంగా లేదు! సభవారు ఆ అమ్మాయినే పిలిపించి అడుగుతారు. ఆవిడ తొణక్కుండా, నాన్నగారూ, మా అమ్మ వాళ్ళ నాన్నగారిని వదిలి మీ వెంట వచ్చినట్టే నేనూ ఈయన వెంట వెళుతున్నాను అన్న అర్థంలో జవాబు చెబుతుంది. వరస ఎక్కడా తప్పలేదు, పాత వరసే ఇది అని కదూ దాని భావం?

రెండోది 'వింటర్స్ టేల్'లో. ఒక గొర్రెలకాపరికీ అతని కొడుక్కీ అదృష్టం కలిసొచ్చి, రాజుగారి వియ్యంవారి హోదా పడుతుంది. ఆ కుర్రాడు కొత్త బట్టల్లో మురిసిపోతూ తమ స్థితి 'ప్రాస్పరస్'గా ఉందని చెప్పబోయి 'ప్రిపోస్టరస్'గా ఉందనేస్తాడు. సంపన్నం అనబోయి విపరీతం అన్నాడన్నమాట. జనం నవ్వుతారు. కానీ వాడు అన్నది నిజమే. ఎందుకంటే, రాజుగారి కొడుకు వాడి చెయ్యి పట్టుకుని ముందుగా సోదరా అన్నాడు. ఆ తరవాతే రాజులు వాడి తండ్రిని సోదరా అన్నారు. అందుకని, మా నాన్నకన్నా ముందే నేను పెద్దమనిషిగా పుట్టాను అని వాడి లెక్క! కొడుకు ముందు, తండ్రి వెనక. ఇంతకు మించిన ప్రిపోస్టరస్ ఉంటుందా? తప్పుమాట వాడించి ఒప్పు చెప్పించడమంటే ఇదీ. మన గిరీశం ఈ ఘట్టం చదివి ఉంటే వెంకటేశానికి మర్నాడే పాఠం చెప్పేసేవాడు.

1755లో జాన్సన్‌గారి పెద్ద నిఘంటువు వచ్చేసరికి ఈ మాటకి రెండర్థాలూ ఉన్నాయి. చివర ఉండవలసినది మొదట ఉండటం అన్న పాత అర్థం ఒకటి, తెలివితక్కువది, అర్థంలేనిది అన్న కొత్త అర్థం మరొకటి. రాను రాను పాత అర్థం అటకెక్కింది. కొత్తది హాల్లో కూచుంది. బొమ్మ పోయింది, కోపం ఒక్కటీ మిగిలింది.

ఆ కోపానికి పని బాగా తగిలిన సంవత్సరం 1792. ఆ ఏడాది మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అనే ముప్పై రెండేళ్ళ ఆవిడ, స్త్రీల హక్కుల్ని సమర్థిస్తూ లండన్లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ అడిగింది ఆకాశం కాదు. ఆడవాళ్ళు చపలచిత్తులనీ, అలంకారాల పిచ్చివాళ్ళనీ అంటున్నారే, చిన్నప్పటినుంచీ వాళ్ళకి నేర్పింది అదే కదా, మగపిల్లలకి చెప్పే చదువు వీళ్ళకీ చెప్పి చూడండి, అప్పుడు మాట్లాడండి, అంది. చదువు చెప్పకుండా తెలివిలేదనడం కన్నా గుర్రానికి ముందు బండి ఏముంది?

ఆ ఏడే థామస్ టేలర్ అనే గ్రీకు పండితుడు తన పేరు వెయ్యకుండా ఒక పుస్తకం అచ్చువేశాడు. దానిపేరు పశువుల హక్కుల సమర్థన! ఆడవాళ్ళకే హక్కులుంటే రేపు జంతువులకీ ఉంటాయనాలి, అది ఎంత అసంబద్ధమో ఇదీ అంతే, అని వెక్కిరింపు. ఎదుటివాడి వాదాన్ని లాగి లాగి నవ్వులపాలు చేయడం తర్కంలో ఒక పద్ధతి.

పాపం, టేలరుగారికి తెలియనిది ఒకటుంది. ఆయన వెక్కిరింపుకని ఎన్నుకున్న రెండూ నిజమై కూచున్నాయి. పశువుల్ని హింసించడం నేరమని 1822లో బ్రిటిషు పార్లమెంటే చట్టం చేసింది. మనదేశంలో జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. ఇక ఆడవాళ్ళ సంగతా! 1867లో జాన్ స్టూవర్ట్ మిల్, ఓటు చట్టంలో 'పురుషుడు' అన్నచోట 'వ్యక్తి' అని మార్చండి చాలు అని పార్లమెంటులో అడిగితే 73 మంది మాత్రమే ఆయన పక్షాన నిలిచారు. ఒక్క మాట మార్పు! అది ఓడిపోయింది. 1893లో న్యూజిలాండు ఆడవాళ్ళకి ఓటిచ్చింది. బ్రిటన్ 1918లో ముప్పై ఏళ్ళు నిండిన కొందరికీ, 1928లో మగవాళ్ళతో సమానంగా అందరికీ ఇచ్చింది. మన మద్రాసు రాష్ట్రంలో 1921లోనే, ఆస్తి ఉన్న కొద్దిమందికే అయినా, ఆడవాళ్ళకి ఓటొచ్చింది. పశువులకి రక్షణ 1822లో, ఇంగ్లీషు ఆడదానికి సమానమైన ఓటు 1928లో. వీటిలో ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి? ప్రిపోస్టరస్ అన్న మాటని నేనైతే ఇక్కడ వాడతాను.

ఇంత దూరం వచ్చాక మన ఇల్లూ ఒకసారి చూసుకోవాలి కదా. వితంతువుల పెళ్ళి చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. అయినా రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా పట్టింది. పెళ్ళికూతురు గౌరమ్మ, పసితనంలోనే బొట్టు పోగొట్టుకున్న పిల్ల. ఆ పెళ్ళికి సాయపడ్డవాళ్ళకి వెలి. వంటవాళ్ళు రారు, నీళ్ళు మోసేవాళ్ళు రారు. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్ళు మోసి వండి వడ్డించారని చెబుతారు. విడ్డూరం, విపరీతం, కలికాలం అన్న మాటలు ఆ రోజు ఊళ్ళో ఎన్ని నోళ్ళ తిరిగి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

మరి ఆ రోజుల్లో విడ్డూరం కాదనుకున్నదేమిటి? గురజాడవారు 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి 1897లో రాసిన ముందుమాటలో ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతిగారు, డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలనిచ్చిన పెళ్ళిళ్ళ జాబితా ఒకటి రాయించారు. విశాఖ ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో లెక్కకి దొరికినవి 1,034 పెళ్ళిళ్ళు. వాళ్ళలో 99 మంది పిల్లలు అయిదేళ్ళవాళ్ళు. 44 మంది నాలుగేళ్ళవాళ్ళు. 36 మంది మూడేళ్ళవాళ్ళు. ఆరుగురు రెండేళ్ళవాళ్ళు. ముగ్గురికి ఏడాది వయసు. ఆ ఏడాది పిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు! కడుపులో ఉన్న పిల్లలకి కూడా బేరాలు కుదిరేవని గురజాడవారే రాశారు.

ఒక్క క్షణం ఆగి చూడండి. పుట్టకముందే పెళ్ళి, పెరగకముందే అమ్మకం, కాపురమంటే తెలియకముందే వైధవ్యం. మా క్లాసులో మేం నవ్వుకున్న సోమలింగం సామెత ఇక్కడ నవ్వు పుట్టించదు. లాటిన్ అర్థం తీసుకున్నా, ఇంగ్లీషు అర్థం తీసుకున్నా, మా నాయనమ్మ అర్థం తీసుకున్నా ఇదీ అసలైన ప్రిపోస్టరస్. కానీ ఊరికి ఇది ఆచారం. గౌరమ్మ పెళ్ళి విపరీతం!

తలకిందులుగా ఉన్నవాడికి నువ్వు తలకిందులుగా ఉన్నావురా అని ఎలా చెప్పడం? చెబితే వాడు నిన్నే తలకిందులంటాడు. ఒకటే ఉపాయం, ఇంకోసారి తిరగేసి చూపించడం. వీరేశలింగంగారు ఆ పనే చేశారు. స్విఫ్ట్ 1726లో రాసిన గలివర్ యాత్రల స్ఫూర్తితో ఆయన 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. అందులో 'ఆడుమళయాళం' అనే దేశం ఒకటుంది. అక్కడ ఏలేవాళ్ళు ఆడవాళ్ళు, ఇంట్లో మూల కూచునేవాళ్ళు మగవాళ్ళు. మన సమాజం ఆడవాళ్ళకని రాసిపెట్టిన ధర్మాలన్నీ అక్కడ మగవాళ్ళ నెత్తిన పడతాయి. మనం పాతివ్రత్యం అంటే వాళ్ళు పత్నీవ్రత్యం అంటారు. చదివే మగవాడు, ఇదెక్కడి విపరీతం అనుకుంటాడు. అనుకున్నాడంటే దొరికిపోయాడన్నమాటే. మూల కూచోబెట్టడం మగవాడికి విపరీతమైతే ఆడదానికి ఎలా సహజమైంది?

సుమారు పుష్కరం తరవాత బెంగాలులో రొకియా అనే ఆవిడకి ఇదే ఉపాయం తట్టింది. ఈవిడ కథ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే ఈవిడ ఇంగ్లీషు దొంగతనంగా నేర్చుకుంది. 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని పైరాబంద్ గ్రామంలో ఘోషా ఇంట్లో పుట్టింది. ఆడపిల్లలకి ఇంగ్లీషు కాదుకదా బెంగాలీ కూడా పనికిరాదన్న ఇల్లు. ఇల్లంతా నిద్రపోయాక అన్నగారు కొవ్వొత్తి వెలుగులో చెల్లెలికి ఇంగ్లీషు చెప్పేవాడు. మనం పరీక్షలకని తిట్టుకుంటూ బట్టీపట్టిన మాటలు ఆవిడ కొవ్వొత్తి కరిగిపోతుందేమోనన్న భయంతో నేర్చుకుంది.

ఆ ఇంగ్లీషుతో 'సుల్తానాస్ డ్రీమ్' అని, సుల్తానా కన్న కల మీద ఒక చిన్న కథ రాసింది. 1905లో అది అచ్చయింది ఎక్కడనుకున్నారు? మన మద్రాసులో! 'ఇండియన్ లేడీస్ మేగజైన్' అనే పత్రికలో. ఆ పత్రికని 1901లో పెట్టి నడిపిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచే. ఆ రోజుల్లో బి.ఏ. ప్యాసైన ఆడవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, వాళ్ళలో ఈవిడ ఒకరు.

కథలో సుల్తానా కలలో ఒక ఆడవాళ్ళ దేశానికి వెళుతుంది. అక్కడ మగవాళ్ళు 'మర్దానా'లో ఉండి వంటా వార్పూ చూసుకుంటారు. ఆడవాళ్ళు విశ్వవిద్యాలయాలు నడుపుతారు, ఎండవేడిమిని పోగుచేసి దాంతోనే వంట చేసుకుంటారు, దాంతోనే శత్రువుల్నీ తరిమేశారు. ఇదేమిటి, మగవాళ్ళని లోపల పెట్టారా అని సుల్తానా విస్తుపోతే, ఆవిడకి అక్కడివాళ్ళు ఓ ప్రశ్న వేస్తారు. పిచ్చాసుపత్రి నుంచి పిచ్చివాళ్ళు తప్పించుకుని ఊరిమీద పడితే మీ దేశంలో ఏం చేస్తారు? పిచ్చివాళ్ళని పట్టి లోపల పెడతారా, వాళ్ళని వదిలేసి బుద్ధిమంతుల్ని లోపల పెడతారా? మీరు చేస్తున్నది రెండోదే కదా!

వీరేశలింగంగారి తిరగేత చూస్తే భయం వేస్తుంది. రొకియా తిరగేత చూస్తే ఆ ఊరు వెళ్ళాలనిపిస్తుంది. మగవాడి కలానికీ ఆడదాని కలానికీ అంతపాటి తేడా ఉంటుంది కాబోలు. ఈ కథ చదివి భర్త ఆవిణ్ణి కోప్పడలేదు, పగ బాగా తీర్చుకున్నావు అన్న ధోరణిలో మెచ్చుకున్నాడట. ఆయన పోయాక, 1911లో రొకియా కలకత్తాలో ఆయన పేరనే ఆడపిల్లల బడి నడపడం మొదలెట్టింది. కలలోని విశ్వవిద్యాలయానికి అది మొదటి మెట్టు.

ఇవన్నీ పాత కథలని తోసెయ్యకండి. స్వతంత్రం వచ్చాక 1951-52లో మొదటి ఎన్నికలకి జాబితాలు రాస్తూంటే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, ఎంతోమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యని, ఫలానావాడి తల్లిని అన్నారు. పేరు లేకుండా ఓటెలా ఇస్తారు? చివరికి సుమారు 28 లక్షల మంది పేర్లు, అంటే లేని పేర్లు, జాబితాల్లోంచి కొట్టెయ్యవలసి వచ్చింది. చుట్టరికం ముందొచ్చి, మనిషి వెనకపడిపోయింది. వెనక కూడా కాదు, పోనే పోయింది.

అలాగని విడ్డూరం అన్న ప్రతిదీ గొప్పదని నేననను. ఉంగరంలో రాయి మారిస్తే పిల్లాడు పరీక్ష ప్యాసవుతాడని ఎవరైనా నమ్మబలికితే, నిక్షేపంలా ప్రిపోస్టరస్ అనండి. మంచి పదునున్న మాట, వంటింట్లో కత్తిపీటలాగా ఉండవలసిందే. అయితే కత్తిపీట ముందు కూచునేటప్పుడు ఎటు పదునో చూసుకుంటాం కదా, అలాగే ఈ మాట నోట్లోకి వచ్చినప్పుడు కూడా ఒకటి చూసుకోవాలి. వరస తప్పిందని మనకి కోపం వస్తోంది సరే, ఆ వరస పెట్టిందెవరు? ముందు నిలబడ్డవాడే పెట్టాడా? వెనక నిలబడ్డవాళ్ళని ఎవరైనా అడిగారా?

ఆ లాటిన్ 'పోస్టెరస్'కి ఇంకో బిడ్డ ఉంది. ఇంగ్లీషులో రాబోయే తరాలవారిని 'పోస్టెరిటీ' అంటారే, అదీ ఆ కడుపునే పుట్టింది. వెనక వచ్చేవాళ్ళు అని అర్థం. ఈ చుట్టరికం తెలిసిన దగ్గర్నుంచీ నాకు ప్రిపోస్టరస్ అన్న మాట మీద కోపం పోయింది. వోల్‌స్టన్‌క్రాఫ్టూ, గౌరమ్మా, కొవ్వొత్తి దగ్గర కూచున్న రొకియా... వీళ్ళు చేసిన తప్పల్లా ఒకటే, వెనక రావలసిన కాలం నుంచి కాస్త ముందుగా వచ్చేశారు. ఊరు తలుపు తియ్యడానికి ఆలస్యం చేసింది, అంతే.

మీ ఇంట్లో ఏ అమ్మాయైనా పుస్తకం పట్టుకొచ్చి ఈ మాటకి అర్థం చెప్పమంటే, అర్థంలేనిది అని ఒక్కమాటలో తేల్చెయ్యకండి. వెనకది ముందుకొచ్చిందని చెప్పండి. ఆ తరవాత, వస్తే ఏమయిందట అని ఆ అమ్మాయి అడిగితే, విడ్డూరం అనకండి.